కన్నీళ్లతో వచ్చిన పెద్దరికం

కంటిజబ్బును మించిన వరం లేదు! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

నేను ఉదయగిరిలో లెక్కలు చెప్పే పంతులును. నిరుడు ఎండల్లో నా కళ్లు ఎర్రబడి, మండి, ఒకటే నీళ్లు కారడం మొదలుపెట్టాయి. మెడికల్ షాపు మస్తానయ్య కౌంటర్ అవతలి నుంచే తేల్చేశాడు. "వేడి చేసినాది సార్. ఈ డ్రాప్స్ ఏసుకోండి." పంటినొప్పికీ ఆయన అదే మాట చెబుతాడు! ఒక్క మాటతో వైద్యశాస్త్రం మొత్తం అయిపోతుంటే ఇంకేం కావాలి?

డ్రాప్స్ వేసుకున్నాక నీళ్లు ఇంకా జోరుగా కారాయి. ఆదివారం చర్చిలో ప్రార్థన మొదలైతే చాలు, నా బుగ్గలు తడిసేవి. మా సంఘంలోని ఓబులయ్య తన కొత్త ఎస్టీడీ బూత్ కోసం ప్రార్థించినప్పుడు కూడా ఏడ్చింది నేనొక్కణ్ణే! "సారుకి ఎంత భక్తి ఉండాదో చూడండి" అన్నాడు సంఘ పెద్ద చెంచయ్య. క్రిస్మస్ నాటికి నన్నూ పెద్దల్లో చేర్చి, ప్రార్థన నడిపే పని అప్పగించారు. ఏ డిగ్రీతో వస్తుందండీ ఇలాంటి ప్రమోషన్?

అంతా చెడగొట్టింది నా భార్య సుకుమారి. "బోర్డు మీద ఆరుకీ ఎనిమిదికీ తేడా తెలీకపోతాంటే ఇంకా భక్తేంది? పదండి ఆత్మకూరికి!" అని బస్సెక్కించింది.

అక్కడి కళ్ల డాక్టరమ్మ ఏంజెలిన్ నా రెప్ప పట్టుకుని చూసింది. చూడటం! ఇంత పాత పద్ధతి ఇంకా ఉందా?

"పొద్దున్నే రెప్పలు అతుక్కుంటాయా? వెంట్రుకల మొదట్లో చుండ్రులాగా పొట్టు ఉండాది. ఇది రెప్పల వాపు. కన్ను ఎండటమే అయితే, రెప్పలు శుభ్రంగా ఉన్నా సాయంత్రానికి ఇసక పడినట్టు గరగరలాడతాది. నీళ్లు రెండింట్లోనూ కారతాయి" అని, వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి రెప్పలు తుడుచుకోమంది.

తుడుచుకున్నాను. కళ్లు బాగుపడ్డాయి, పరువు పోయింది! చర్చిలో ఒక్క చుక్క రాలితే ఒట్టు. "సారుకి విశ్వాసం చల్లారినాది" అని చెంచయ్య నిట్టూర్చి, నా స్థానంలో శీనమ్మవ్వను నిలబెట్టాడు. ఆమె కళ్లు ధారగా కారుతుంటే సంఘమంతా పులకించిపోయింది.

కూటం ముగిశాక, అసూయతోనే అనుకోండి, దగ్గరికెళ్లి ఆమె కళ్లలోకి చూశాను. రెప్పల అంచులు శుభ్రంగా ఉన్నాయి.

"సాయంత్రాలు గరగరలాడతాయా అవ్వా?"

"పొద్దుగూకితే ఇసక పోసినట్టే ఉంటాది నాయనా. పాటల పుస్తకంలో అక్షరాలు కనపడక శానా దినాలాయ. అందరూ భక్తి అంటాంటే, మందు అడిగేదానికి సిగ్గేసినాది."

నాకు నవ్వు రాలేదు. రేపు అవ్వను తీసుకుని ఆత్మకూరు బస్సెక్కుతున్నాను.

అయినా నా మాట మీదే ఉన్నాను. కంటిజబ్బు వరమే. కాకపోతే ఆ వరం జబ్బున్నవాళ్లకు కాదు, దూరంగా కూర్చుని మెచ్చుకునేవాళ్లకు!