ఒడ్డువైపు బాల్కనీ

సముద్రం అందరిదీ, దాన్ని చూసే హక్కు మాత్రం గదులవారీగా కేటాయించబడును. విహార నౌకల కంపెనీ నియమావళిలో ఇది మొదటి వాక్యం. (మొదటి వాక్యాన్ని ముందుగా చెప్పకుండా మార్చవచ్చునన్నది రెండో వాక్యం.)

బాల్కనీ అంటే ఏమిటో కూడా అందులో అనుమానానికి తావు లేకుండా రాశారు. గది చివర గోడ ఉండవలసిన చోట గోడ లేకపోవడమే బాల్కనీ. ఆ లేకపోవడంలోనూ తరగతులున్నాయి. పూర్తి దృశ్య బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. పాక్షిక దృశ్య బాల్కనీలోంచి సముద్రానికి అడ్డంగా వేలాడే ప్రాణరక్షక పడవ కనిపిస్తుంది; ఓడకు ప్రమాదం జరిగి ఆ పడవను కిందికి దించినట్లయితే దృశ్యం పూర్తవుతుంది, అందుకు అదనపు రుసుము వసూలు చేయరు. లోపలి బాల్కనీ ఓడలోని దుకాణాల మీదికి తెరుచుకుంటుంది. అన్నిటికంటే చవకైనది ఊహా బాల్కనీ. అందులో ఒక తెర, తెర వెనక టీవీ, టీవీలో సముద్రం. (తుఫాను రోజుల్లో అందరూ కోరుకునేది ఇదేనట.)

ఈ నియమావళిని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. ఆవిడే మైకమ్మ.

అసలు పేరు జీతాల పట్టీలో ఉండేది గానీ, రిటైరయ్యాక అక్కడా లేదు. రైల్వే స్టేషన్లో అనౌన్సర్‌గా చేసింది. ఏ బండి ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఎంత ఆలస్యమో చెప్పే గొంతు ఆవిడది. గొంతు స్టేషనంతా తిరిగేది, మనిషి మాత్రం కిటికీ లేని గదిలో ఉండేది. కిటికీ పెడితే బండ్ల చప్పుడు మైకులోకి వస్తుందని పై అధికారులు ఆ గదికి నాలుగు గోడలూ మంజూరు చేశారు. ఆ విధంగా ఊరందర్నీ సాగనంపిన మైకమ్మ ఒక్క బండి కదలడం కూడా కళ్లారా చూడలేదు.

ఇందులో ఆవిడకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు, ఒక్క బండి విషయంలో తప్ప. చెల్లెలు పెళ్లయి కాపురానికి వెళ్లిన రోజున మైకమ్మకు డ్యూటీ పడింది. కాసేపు ప్లాట్‌ఫారం మీదికి వెళ్లొస్తానంటే బదులు కూర్చోవలసిన మనిషి రాలేదు. రోజూ ఆలస్యంగా నడిచే ఆ బండి ఆ ఒక్కరోజూ టైముకొచ్చింది. “బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది” అని తన నోటితోనే చెప్పి, గోడ వంక చూస్తూ కూర్చుంది. చెల్లెలు ఆ సంగతి ఇప్పటికీ వదలదు. “మా అక్క నన్ను సాగనంపింది కదూ, మైకులో!” అని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వుతుంది. ఆ తర్వాత కూడా చెల్లెలు పుట్టింటికి వచ్చినప్పుడల్లా తిరుగు బండి ఏదో విధంగా మైకమ్మ డ్యూటీలోనే పడేది.

కాబట్టి, రిటైరైన రోజున తోటివాళ్లంతా కలిసి, “అందర్నీ పంపించావు, ఇక నువ్వు బయల్దేరు” అంటూ వారం రోజుల ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చి, గది మాత్రం నీకు నచ్చింది ఎంచుకోమన్నప్పుడు, మైకమ్మ సముద్రం గురించి క్షణం కూడా ఆలోచించలేదు. సముద్రం ఎటు చూసినా ఉంటుంది. తనకు కావలసింది ఒడ్డు. ఓడ కదిలేటప్పుడు పైన బాల్కనీలో తను, కింద ఒడ్డున చెల్లెలు. కనుమరుగయ్యేదాకా ఇద్దరూ చేతులూపుకోవాలి. అంతే.

అంతే అనుకుంది.

ముందు కంపెనీకి ఫోను చేసింది. “మీ కాల్ మాకెంతో ముఖ్యం, దయచేసి వేచి ఉండండి” అంది రికార్డు గొంతు. ‘ముఖ్యం’ దగ్గర ఊపిరి పీల్చకూడదు, పాపం ఈ పిల్లకు ఎవరూ నేర్పినట్టు లేదు అనుకుంది మైకమ్మ. (జీవితమంతా జనాన్ని వేచి ఉండమన్న మనిషి తాను వేచి ఉండడం ఇదే మొదలు. ఆ మాటకు ఇంత పొడవుంటుందని ఆవిడకు తెలియదు.) చివరికి ఒక అబ్బాయి పలికాడు.

“బాబూ, ఓడ రేవులో ఉన్నప్పుడు ఒడ్డువైపు వచ్చేవి ఎడమ గదులా, కుడి గదులా?”

“మా ఓడకి రెండు వైపులా బాల్కనీలున్నాయి మేడమ్.”

“ఉంటాయి నాయనా. ఒడ్డు ఎటుంటుంది?”

“ఒడ్డు మన ప్యాకేజీలో రాదు మేడమ్.”

మర్నాడు పొద్దున్నే పక్కూరి నుంచి చెల్లెలు దిగింది. సంగతంతా విని, చెప్పులు కూడా విప్పకుండా, “ఫోన్లో మనుషులుండరే అక్కా. పద, ఆఫీసుకే పోదాం” అంది.

ఆఫీసు మధ్యలో నిజమైన బాల్కనీ ఒకటి కట్టి, ఎదురుగా గోడకు సముద్రం వేశారు. టోకెన్ తీసుకున్నవాళ్లు వంతుల ప్రకారం అందులో నిలబడి ఫొటోలు దిగుతున్నారు. (కొందరు అక్కడితో సంతృప్తి పడి ఇంటికి వెళ్లిపోతారని, ఆ మేరకు కంపెనీకి ఓడల ఖర్చు కలిసొస్తోందని అంటారు.) కౌంటర్లు మూడు. ఒక్కో కౌంటరుకు ఒక్కో అద్దం, అద్దానికి గుండ్రటి కన్నం. కన్నం సరిగ్గా ఎవరి నోటికీ అందని ఎత్తులో ఉండడం వల్ల ప్రజలు నడుం వంచి, సహజమైన వినయంతో మాట్లాడతారు.

మొదటి కౌంటరులో వీక్షణాధికారి ఉన్నాడు.

“గాలిని బట్టి, ఆటుపోట్లను బట్టి, ఏ వైపు ఒడ్డుకు ఆనించాలో కెప్టెన్ గారు ఆ రోజు నిర్ణయిస్తారమ్మా. ముందే చెప్పడం కుదరదు.”

“మేం ప్లాట్‌ఫారం నంబరు ముందే చెప్పేవాళ్లం” అంది మైకమ్మ.

“తర్వాత మార్చేవాళ్లు కాదా?”

“మార్చేవాళ్లమే. మార్చామని కూడా చెప్పేవాళ్లం.”

వీక్షణాధికారి ఆవిడను మొదటిసారి పరిశీలనగా చూశాడు. తన కులం మనిషి కాకపోయినా తన కౌంటరు మనిషి. గొంతు తగ్గించాడు.

“నియమావళిలో రాయలేదు గానీ, వీడ్కోలు తరగతి అని ఒకటుందమ్మా. రెండు వైపులా కొన్ని బాల్కనీలు ఖాళీగా ఉంచుతాం. ఓడ ఎటు ఆగితే అటు వైపు గది మీకిస్తాం. అడిగినవాళ్లకే చెబుతాం.”

“మరి అందరూ అడగరా?” అంది చెల్లెలు.

“ఉందని తెలిస్తే కదమ్మా అడిగేది.”

వీడ్కోలు తరగతికి షరతు ఒకటే. ఒడ్డున చెయ్యూపే మనిషిని ముందుగా నమోదు చేయించాలి. నమోదు కాని బంధువులను రేవు గేటు దాటనివ్వరు. (గతంలో కొందరు, తమవాళ్లు కాని ప్రయాణికులకు కూడా ఉచితంగా చెయ్యూపినట్టు కంపెనీ దృష్టికి వచ్చింది.) రెండో కౌంటరులోని నమోదు అధికారిణి చెల్లెల్ని చెయ్యెత్తిన ఫొటో ఒకటి అడిగింది. మొదటి ఫొటోలో చెయ్యి మొహానికి అడ్డమొచ్చింది. రెండోదాంట్లో మొహం వచ్చింది, చెయ్యి తెగిపోయింది. మూడోది తియ్యబోతుంటే ఎదురుగా చూసి ఊపమంది.

చెల్లెలు ఊపింది.

“స్పష్టత లేదండీ. మీరు వీడ్కోలు చెబుతున్నట్టు లేదు, దోమల్ని తోలుతున్నట్టుంది.”

“నా చెయ్యి అమ్మా, నేనిలాగే ఊపుతాను!” అంది చెల్లెలు. “ఆ రోజు బండి కిటికీలోంచి కూడా ఇలాగే ఊపాను. చూడాల్సిన మనిషి చూస్తే కదా!”

మైకమ్మ గబగబా తల తిప్పుకుని గోడమీది సముద్రాన్ని చూసింది. అధికారిణి ఏమనుకుందో ఏమో, ముద్ర వేసేసింది.

మూడో కౌంటరు మంచాల అధికారిది. ఈయన మిగతా రెండు కౌంటర్ల వంక చూడడు. చూడకుండా మధ్యలో అట్ట కూడా కట్టుకున్నాడు. కాగితం తిరగేసి, “రెండో మంచంలో ఎవరు?” అన్నాడు.

“ఎవరూ లేరు బాబూ. నేనొక్కదాన్నే.”

“ఖాళీ మంచంతో బాల్కనీ ఇవ్వం. ఓడ ఒక పక్కకి ఒరుగుతుంది.”

“ఒక్క మంచానికా?”

“నియమం ఒక్క మంచానికే పెడతామా అమ్మా? అన్ని మంచాలకీ పెడతాం. గది డబ్బు రెండు మంచాలకీ ముట్టింది. మనిషి పేరు చెప్పండి చాలు. మూసే టైమయింది. చెప్పకపోతే గది తర్వాతి వాళ్లకి వెళ్తుంది.”

తర్వాతివాళ్లు అప్పటికే మైకమ్మ భుజం మీంచి కన్నంలోకి తల పెట్టేశారు. మైకమ్మ తెలిసినవాళ్లందర్నీ మనసులో వెతికింది. తోటి అనౌన్సర్లలో ఎవరికీ సెలవు దొరకదు. పక్కింటావిడకు నీళ్లంటే భయం. ఇంత దూరం వచ్చి ఒడ్డు చేజారిపోతోంది.

“నా పేరు రాయండి” అంది చెల్లెలు.

మంచాల అధికారి రాశాడు. మైకమ్మ చెల్లెల్ని గట్టిగా పట్టుకుని, “ప్రాణం నిలబెట్టావే తల్లీ! ఇంక మనిద్దరం చేతులూపుకోవచ్చు” అంది. చెల్లెలు ఏదో అనబోయి, దగ్గు వచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ప్రయాణం రోజున మరిది ఇద్దర్నీ గేటు దగ్గర దింపి, నమోదు కాని మనిషి కాబట్టి వెనక్కి వెళ్లిపోయాడు. కెప్టెన్ గారు ఎటు ఆనించాలనుకున్నారో అటు ఆనించారు. కంపెనీ మాట నిలబెట్టుకుంది. మైకమ్మకు సరిగ్గా ఒడ్డువైపు బాల్కనీ వచ్చింది. అడ్డంగా పడవ లేదు, తెర లేదు, గోడ అంతకన్నా లేదు. కింద రేవులో నమోదైనవాళ్ల కోసం పసుపు రంగు గడులు గీసి, గడి గడికీ గది నంబరు వేశారు. ఒక్కో గడిలో ఒక్కో మనిషి నిలబడి పైకి చూస్తూ చెయ్యూపుతున్నాడు. ఒక్క గడి మాత్రం ఖాళీగా ఉంది.

మైకమ్మ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

“చెల్లీ, అది మన గడే కదే?”

“మనదే.”

“మరి నువ్వేవే?”

“ఇక్కడున్నాను కదక్కా.”

అప్పుడు తట్టింది మైకమ్మకు. రెయిలింగు పట్టుకుని నిలబడిపోయింది. కింద మైకులో ఒక గొంతు మోగింది: “ఖాళీ గడి తాలూకు వీడ్కోలుదారు ఎక్కడున్నా వెంటనే రేవులోకి రావలసిందిగా కోరుతున్నాం.” ఉచ్చారణ బాగుంది, తొందర లేదు. ఇంత కంగారులోనూ మైకమ్మ ఆ సంగతి గమనించింది.

చెల్లెలి ఫోను కుయ్‌మంది. చెల్లెలు చేతులు చాచి దూరంగా పెట్టుకుని చదివింది. “‘మీరు వీడ్కోలుకు హాజరు కాలేదు. మీ అక్కగారు బాల్కనీలో మీ కోసం ఎదురుచూస్తున్నారు. కారణం తెలియజేయగలరు.’”

“నీకు ముందే తెలుసా?” అంది మైకమ్మ.

“మంచాలాయన రాస్తున్నప్పుడే తెలుసు.”

“మరి చెప్పవేం?”

“చెబితే దింపేసేదానివి. నిన్ను నమ్మడానికి లేదు, నన్ను పంపించడం నీకు బాగా అలవాటు.”

ఓడ కూత వేసింది. ఒడ్డు మెల్లగా వెనక్కి జరిగింది. అటూ ఇటూ బాల్కనీలలో జనం ఏడుస్తూ, నవ్వుతూ చేతులూపుతున్నారు. బాల్కనీలో నిలబడి ఊరికే ఉంటే నియమావళి ప్రకారం ఏమవుతుందోనని మైకమ్మ కూడా చెయ్యెత్తింది. చెల్లెలు పక్కనే నిలబడి దోమల్ని తోలింది. ఇద్దరూ కలిసి ఖాళీ గడికి కనుమరుగయ్యేదాకా చెయ్యూపారు.

గదిలోకి వచ్చేసరికి బల్లమీద కంపెనీ వారి కాగితం ఉంది. తిరిగి వచ్చిన రోజున గదిలోని ప్రయాణికులిద్దరినీ రద్దీ దృష్ట్యా వేర్వేరు ద్వారాల గుండా దించుతారు. వీడ్కోలు తరగతి సౌకర్యాలు దిగేటప్పుడు వర్తించవు.

“నా బండి ఆ సాయంత్రమేనే” అంది చెల్లెలు, చీరలు మడతపెట్టుకుంటూ.

మైకమ్మ కాగితం రెండుసార్లు చదివింది. మడిచి కళ్లజోడు కింద పెట్టింది. మళ్లీ బాల్కనీలోకి వెళ్లి, గొంతు సవరించుకుని, నీళ్ల వంక చూస్తూ డ్యూటీ గొంతుతో చెప్పింది:

“దయచేసి వినండి. చెల్లెలి వీడ్కోలు వారం రోజులు ఆలస్యంగా నడుస్తున్నది.”

“అసౌకర్యానికి చింతిస్తున్నాం అనవేం?” అంది లోపల్నించి చెల్లెలు.

“అది బండి వచ్చాక చెబుతాను.”