కిటికీ పక్కన డాలియా

ఆ రోజు పొద్దున ఆదిశేషమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పెరట్లో విచ్చిన డాలియాకు ఫోటో తీయించాలి. పువ్వంటే మామూలు పువ్వా, అన్నం తినే పళ్లెమంత ఉంది. "ఉప్పుగాలి కొట్టే మీ ఇసకలో డాలియానా? నాగజెముడు నాటుకోమ్మే," అని నాయుడుపేటలో ఉండే తోడికోడలు మస్తానమ్మ ప్రతి పెళ్లిలోనూ నలుగురి ముందర నవ్వేది. రమ్మంటే సముద్రం పక్క ఊరికి ఆమె రాదు, వచ్చేదాకా పువ్వు ఆగదు. పటం తీసి ఆమె ముఖాన పెడితే తప్ప ఆదిశేషమ్మకు తిన్న కూడు అరిగేలా లేదు.

అందుకని నాయుడుపేట నుంచి ఫోటోల జకరయ్యను పిలిపించింది. ఆయన మూడుకాళ్ల కెమెరా మోసుకుంటూ బస్సు దిగినాడు. గాలికి తలూపే పువ్వుకు ఫోటో రాదు, కోసి చెంబులో పెట్టి లోపల కిటికీ పక్కన ఉంచమన్నాడు. ఆ ఇంట్లో వెలుతురు బాగా పడే కిటికీ ఒక్కటే. దాని పక్క మంచం మీదేమో ఆమె మొగుడు కామాక్షయ్య పంటిపోటుతో పడి ఉన్నాడు. దవడ కింద నుంచి నడినెత్తికి గుడ్డ కట్టుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని, నోరు తెరిచే స్థితిలో లేడు.

జకరయ్య పువ్వును తిప్పి తిప్పి చూసి, ఒక పక్క నీడ పడిందని, ఎదురుగా తెల్లగుడ్డ ఉంటే వెలుగు తిరిగి దాని మీదికి వస్తుందని చెప్పినాడు. ఆదిశేషమ్మ ఉతికిన పంచె తెచ్చి మొగుడి మీద మెడ దాకా కప్పేసింది.

"అన్నా, మంచం కిర్రుమంటే పక్కన చెంబు పెట్టిన పీట కదులుద్ది, పువ్వు చెదిరిపోద్ది. ఊపిరి కూడా మెల్లగా తీసుకో," అంటూ జకరయ్య నల్లగుడ్డలో తల దూర్చినాడు.

సరిగ్గా అప్పుడే పొరుగింటి పేరమ్మ మజ్జిగ కోసం వచ్చి కిటికీలోంచి తొంగి చూసింది. ఆ రోజుల్లో పల్లెకు ఫోటో ఆయన వచ్చినాడంటే పెళ్లికన్నా రావాలి, పోయినవాళ్ల ఆఖరి పటానికన్నా రావాలి. వాకిట్లో చూస్తే పందిరి లేదు. లోపల చూస్తే కట్టిన దవడ, కప్పిన పంచె, తల పక్కన పువ్వు. పేరమ్మ మజ్జిగకు తెచ్చిన చెంబు అక్కడే పారేసి వీధిలో పడి ఏడ్చింది. ఊరంతా పరుగున వచ్చి కిటికీకి అడ్డం నిలబడింది. వెలుగు పోయె. రేకలు వాలుతున్నాయని ఆదిశేషమ్మకు కళ్లనీళ్లు తిరిగితే, అది చూసి ఊరు ఇంకా గట్టిగా ఏడ్చింది. ఆమె చెప్పేది వినే నాథుడు లేడు.

అంతలో మస్తానమ్మ రానే వచ్చింది. జకరయ్య బస్సెక్కేటప్పుడు ఎవరింటికని అడిగితే కామాక్షయ్య ఇంటికన్నాడంట. మిగతాది నాయుడుపేట వాళ్లే కలుపుకున్నారు. ఆమె వస్తూనే మంచం పట్టె మీద తల వాల్చి రాగం తీసింది. ఆ ఏడుపు దగ్గరగా చూడాలని జనం కిటికీ వదిలి గుమ్మంలోకి తోసుకొచ్చినారు.

"అబ్బయ్యా, ఎంత పువ్వు పూయించింది నీ పెళ్లాం. నా దొడ్లో ఏనాడన్నా ఇట్టాంటిది పూసిందా. నువ్వే పోయినాక ఇది ఎవురికి," అని చెంబులో డాలియా తీసి మరిది గుండెల మీద పెట్టింది.

నిజం చెప్పబోయిన ఆదిశేషమ్మ ఆగిపోయింది. లేవబోతున్న మొగుడి భుజం నొక్కి పట్టి, "అక్కా, ఆ మాట ఇంకొకసారి అను. వెనకాల వాళ్లకు వినపడలా," అంది.

మస్తానమ్మ పాపం మళ్లీ అంది. కిటికీ ఖాళీ అయి వెలుగు పడేసరికి జకరయ్య ఫోటో కొట్టేసినాడు. ఆ వెంటనే లవంగం గొంతులోకి జారి, కామాక్షయ్య దగ్గుతూ లేచి కూర్చున్నాడు. ఊరు ఊరంతా గోడలు దూకింది. డాలియా కిందపడి ఆ కాళ్ల కింద నలిగిపోయింది.

మస్తానమ్మ కాసేపటికి తేరుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "చావింట్లో ఏడస్తా అన్న మాట, మనిషి బతికినాక చెల్లదమ్మే," అని చెప్పి బస్సెక్కింది.

ఇక ఆదిశేషమ్మకు మిగిలిన సాక్ష్యం ఆ పటం ఒక్కటే. పటం మాత్రం దివ్యంగా వచ్చింది, డాలియా ఏ రేకకు ఆ రేక కనపడుతోంది. అద్దం కట్టించి ముందరింట్లో తగిలించింది. పువ్వు ఊసు ఒక్కరూ ఎత్తలేదు. వచ్చినవాళ్లంతా దానికి దణ్ణం పెట్టుకుని, ఈయన ఎప్పుడు పోయినాడని పక్కన కూర్చున్న కామాక్షయ్యనే అడిగేవాళ్లు.