నారప్ప ఉపవాసపు ఆకు

ఒక పెద్ద అడవిలో పులీ లేదు, సింహమూ లేదు. ఉన్నదల్లా ఎన్నికలు.

ఆ అడవికో ఆనవాయితీ ఉంది. వానాకాలం రాకముందే ప్రతి జంతువూ తను సంపాదించిన తిండిలో పదోవంతు కొండగుహలో పన్నుగా వెయ్యాలి. ఎంత సంపాదించిందో, ఎంత వేసిందో మోదుగాకు మీద రాసి, కాలిముద్ర వేసి, గుమాస్తా తాబేలు కూర్మయ్యకివ్వాలి. దాన్నే పన్నాకు అంటారు. వానల్లో తిండి దొరకనివాళ్ళకి ఆ గుహే దిక్కు. అడవిపెద్దగా ఎన్నికైనవాడికైతే ఏడాది పొడుగునా అక్కణ్ణించే భోజనం.

ఆ భోజనం మీదే నక్క నారప్ప కన్ను పడింది. కానీ నక్క మాట నమ్మేదెవరు? అందరూ ఎలుగుబంటికే జై కొడుతున్నారు. నారప్ప ప్రాణం ఉసూరుమంది. ఆఖరికి సభబండ ఎక్కి గుండెలు బాదుకున్నాడు.

"గెలిచిన మర్నాడే నా పన్నాకు ఈ బండ మీద పెడతాను! నాకు దాపరికమేముంది? ఎలుగన్నని కూడా పెట్టమనండి, చూద్దాం!"

పాపం, ఎలుగు మూతికింకా తేనె అంటుకునే ఉంది. తలొంచుకున్నాడు. నారప్ప గెలిచాడు.

మర్నాడు వచ్చింది, పోయింది. అలాంటి మర్నాళ్ళు అరవై పోయాయి.

"ఆకేదయ్యా పెద్దా?" అని నిలదీసింది కుందేలు గవరమ్మ. ఏడుగురు పిల్లల తల్లి, ఒక్క ఏడూ పన్ను ఎగ్గొట్టి ఎరగదు.

"తనిఖీలో ఉందమ్మా. తాబేలు తనిఖీ సంగతి నీకు తెలీదూ!"

ఇంకోసారి అడిగితే గాలికెగిరిపోయిందన్నాడు. మరోసారి, "ఇంటి గుట్టు బజారున పెట్టుకుంటామా?" అని కసురుకున్నాడు.

గవరమ్మకి ఒళ్ళు మండింది. "ఆకు కనపడేదాకా మా గింజ ఒక్కటి గుహలో పడదు!" అంది. అడవంతా ఆవిడ వెనకే నిలబడింది. వానలు నెత్తిమీదికొచ్చాయి. గుహ చూస్తే అడుగంటింది. నారప్ప ఇక ఆకు చూపించేద్దామనుకున్నాడు.

కూర్మయ్య అతని చెవిలో బతిమాలాడు. "అయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆ ఆకు బయటపెట్టకండి. ఇన్నాళ్ళూ నేను దాచింది మీకోసం కాదు, గుహ కోసం."

"నీ మొహం! చూస్తే జాలిపడిపోతారు" అని నారప్ప ఆకు తెచ్చి బండ మీద పరిచాడు.

'సంపాదన: లేదు. కారణం: ఏడాదంతా ఉపవాసం. పన్ను: లేదు.'

గవరమ్మ ఆకు చూసింది, నారప్ప బొర్ర చూసింది, మళ్ళీ ఆకు చూసింది. కొడుతుందేమోనని నారప్ప రెండడుగులు వెనక్కేశాడు.

ఆవిడ కూర్మయ్య వైపు తిరిగింది. "బాబాయ్, ఇది చెల్లిందా?"

"చెల్లిందమ్మా" అని నిట్టూర్చాడు తాబేలు.

"ఓరి నాయనో, ఇంత సుళువా! ఇన్నేళ్ళూ పిల్లల నోళ్ళు కట్టి గింజలు మోశానే! నాకూ ఉపవాసమే రాసుకో."

"నాకూను" అన్నాడు ఎలుగు, మూతి తుడుచుకుంటూ. ఏనుగు నోటినిండా వెదురు చిగుళ్ళతో ఏదో అన్నాడు. అదీ ఉపవాసమనే రాసుకున్నాడు కూర్మయ్య.

"అందరూ ఉపవాసముంటే నేనేం తినాలర్రా!" అని నారప్ప లబోదిబోమన్నాడు.

కుండపోతగా వానలు పట్టుకున్నాయి. ఎవరి తిండి వాళ్ళ ఇళ్ళల్లో భద్రంగా ఉంది. గుహలో మాత్రం గబ్బిలాలే మిగిలాయి. నారప్ప పొట్ట వీపుకంటుకుపోయింది.

కూర్మయ్య పరామర్శకొచ్చాడు. "బెంగపడకండి అయ్యగారూ. ఇప్పుడు మీ ఆకులో ఒక్క అబద్ధం కూడా లేదు."

నీతి: పన్నాకు దాచుకునే నాయకుణ్ణి తిట్టకండి, పన్ను కట్టే అలవాటు మనకింకా మిగిలి ఉందంటే, అదంతా ఆ దాపరికం చలవే.