పదో ఫారం

ఆ ఉదయం బైండరు వేసుకున్న పథకం సాదాసీదాది. కాఫీ తాగి, నిన్న విప్పి ఉంచిన రెండు పాత నవలలనూ కుట్టి, అట్టలు అతికించి, మధ్యాహ్నానికల్లా గ్రంథాలయంలో అప్పగించాలి. అవి నమూనా పుస్తకాలు. గ్రంథాలయాధికారిణికి నచ్చితే హాలు నిండా ఉన్న పాత పుస్తకాల మరమ్మతు అతని చేతికొస్తుంది. నచ్చకపోతే మళ్ళీ మందులకొట్టుకు కవర్లు అతికించుకుంటూ కూర్చోవాలి. ఆ పనంటే అతనికి ఒళ్ళుమంట.

విప్పిన నవల అంటే పదహారేసి పేజీల మడతలు. ఆ వృత్తిలో వాటిని ఫారాలంటారు. రెండు నవలలూ ఒకే ప్రెస్సువి, ఒకే కాగితం, ఒకే అక్షరాలు. పేజీ నెత్తిన నవల పేరు వేసే అలవాటు ఆ ప్రెస్సుకు లేదు. ఒకదాంట్లో పెళ్ళి ఆగిపోతుంది, రెండోదాంట్లో హత్య జరుగుతుంది. ఈ సంగతి బైండరుకు తెలియదు. పుస్తకాన్ని వీపు వైపు నుంచి మాత్రమే ఎరిగిన మనిషి అతను.

ఇంట్లోవాళ్ళు అలా కాదు. పెళ్ళి ఆగిపోయే అధ్యాయాన్ని అతని అత్తగారు తనకు పెళ్ళి కాకముందు నుంచీ చదువుతోంది. మిగతా నవల ఆవిడకు అక్కర్లేదు. అదొక్కటీ చదివి, కళ్ళు తుడుచుకుని, హాయిగా పనిలో పడుతుంది. భార్యకేమో హంతకుడు బయటపడే అధ్యాయమంటే ప్రాణం. వాడెవడో ఎప్పటినుంచో తెలిసినా, ప్రతిసారీ ఇన్‌స్పెక్టరు కంటే ముందు తనే కనిపెట్టినట్టు మురిసిపోతుంది. విప్పిన నవల ఇంట్లో ఉంటే పుస్తకమంతా మోసే బాధ లేదు. గోడ పక్క కట్టలోంచి తన ఫారం లాక్కుని తల్లి వరండాలో, కిటికీ పక్క కట్టలోంచి తనది లాక్కుని కూతురు వంటింట్లో కూర్చున్నారు.

ఈలోగా, ముందు కుట్టాల్సిన కట్ట మీద వెలుగు పడాలని, బైండరు గోడ పక్కనున్న కట్టను కిటికీ పక్కకీ, కిటికీ పక్కదాన్ని గోడ పక్కకీ మార్చాడు. చదవడం ముగించిన తల్లీకూతుళ్ళు ఎక్కడ తీసింది అక్కడే బుద్ధిగా పెట్టేశారు. ఇద్దరూ తీసింది పదో ఫారమే కావడంతో ఏ కట్టలోనూ ఎక్కువతక్కువలు రాలేదు. బైండరు పేజీల అంకెలు చూసుకున్నాడు. వరుసగానే ఉన్నాయి. కుట్టాడు, అతికించాడు, బరువు కింద ఆరబెట్టాడు, అప్పగించి వచ్చాడు.

భోజనాల దగ్గర అత్తగారు అంది. "అల్లుడుగారూ, గోడ పక్కనుంచి తీసిన కాగితాలు మళ్ళీ గోడ పక్కనే పెట్టేశాను. చూసుకున్నారుగా?"

"కిటికీ పక్కవి నేనూ అక్కడే పెట్టేశానండీ," అంది భార్య.

బైండరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మధ్యలో నేను కట్టలు మార్చాను కదే."

అత్తగారి ముఖంలో భయం కంటే కుతూహలమే ఎక్కువ కనిపించింది. "అయితే మన పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంటే, పేజీ తిప్పగానే వచ్చేదెవరు?"

"ఇన్‌స్పెక్టరు. తలుపు గడియ పెట్టి అందరినీ నిలదీస్తాడు," అంది భార్య.

"పోనీలే. ఎవరో ఒకరు వచ్చారు."

బైండరు చెయ్యి కడిగీ కడగకుండానే పరుగెత్తాడు. గ్రంథాలయం గేటు దగ్గర వాచ్‌మన్ హత్య నవల చదువుతున్నాడు. కుట్టు గట్టిదో కాదో చూడమని మేడమ్ ఇచ్చారట.

"అన్నా, అది ఒకసారి ఇలా ఇవ్వు. జిగురు ఆరలేదు."

"ఆరింది. తలకింద పెట్టుకుని చూశా. ఉండన్నా, హంతకుడి పేరు చెప్తాడని పేజీ తిప్పితే పెళ్ళి మొదలైంది. పెళ్ళికొడుకు పత్తా లేడు. పారిపోయాడంటే వాడే కదా చంపింది?"

బైండరు లోపలికి నడిచాడు. అధికారిణి బల్ల ముందు పెళ్ళి నవలతో కూర్చుని ఉంది, పేజీలోంచి తల ఎత్తడం లేదు. అతనికి నోటికొచ్చిన అబద్ధం ఒకటే. "మేడమ్, ఆ పుస్తకం వెనక్కివ్వండి. జిగురులో పురుగు ఉందని అనుమానం."

పాత పుస్తకాల మధ్య ఉద్యోగం చేసేవాళ్ళ దగ్గర అనకూడని మాట అదొక్కటే. ఆమె గంట కొట్టింది. చదువుకుంటున్నవాళ్ళు బయటికి నడిచారు. సిబ్బంది అలమారాలు ఖాళీ చేసి పుస్తకాలను ఎండలోకి మోయసాగారు. లోపల ఏమైందో తెలియని పెద్దమనిషి ఎవరో అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేశాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడు బైండరు.

"పురుగు లేదు మేడమ్. ఉన్నది ఇన్‌స్పెక్టరు. పొరపాటున అటు ఫారం ఇటు పడింది."

"తెలుసు, అక్కడిదాకా చదివాను," అందామె. "ఈ అధ్యాయం నేను ఏటా చదువుతాను బైండరుగారూ. ఏటా ఆ వెధవ రాడు. చుట్టాలంతా కలిసి ఆ పిల్లనే ఆడిపోసుకుంటారు. ఇవాళ మొదటిసారి ఒకాయన వచ్చి, ఆ చుట్టాల్లో ఒక్కొక్కరినీ పట్టుకుని, 'నిన్న రాత్రి ఎక్కడున్నావు, నిజం చెప్పు' అని అడిగాడు. నాకెంత తృప్తిగా ఉందో మీకు తెలీదు."

"విప్పి సరిచేసి తెస్తాను మేడమ్."

"ఆ రెంటి మీద చెయ్యి వేశారంటే ఈ పని ఇంకొకరికి పోతుంది."

"మరి మిగతావి?"

"అన్నీ మీకే. వాటిని మాత్రం ఉన్నవి ఉన్నట్టు కుట్టండి."

బయట అగ్నిమాపక వాహనం వచ్చి ఆగింది. బైండరు చొక్కా చేతులు మడిచి, ఎండలోని పుస్తకాలను లోపలికి మోయడానికి వెళ్ళాడు.

ఆ గ్రంథాలయంలో హంతకుడెవరో తెలుసుకోవాలంటే ఇప్పటికీ పెళ్ళి నవలే చదవాలి.