స్పీకర్ పర్మిషన్

ఆ ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే, మనుషులు నలుగురు. దానిలో విండోస్ బదులు లినక్స్ వేసి, ఎవరి ఖాతా వాళ్ళకు తెరిచిపెట్టిన కొడుకును ఇంటిల్లిపాదీ అడ్మిన్ అని పిలుస్తారు. మొదట్లో వెక్కిరింతకే అన్నారు గాని, అతను దాన్ని బిరుదుగా పుచ్చుకున్నాడు. ఒకసారి తండ్రి హోరుమని పెట్టిన పాటలకు తలనొప్పి వచ్చి, స్పీకరూ మైకూ తన ఖాతాలో తప్ప ఇంకెవరి ఖాతాలోనూ పనిచేయకుండా కట్టుదిట్టం చేశాడు. ఎవరైనా పర్మిషన్ అడిగితే "ఆలోచిస్తాను" అనేవాడు. ఆలోచించిన దాఖలాలు మాత్రం లేవు.

ఆ రోజు పొద్దున్న వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి భార్యకు వీడియోలో ఇంటర్వ్యూ. బస్ స్టేషన్లలో మైకులో వినిపించే ప్రకటనలు చదివే ఉద్యోగం. పాత ఆఫీసు మూతపడ్డప్పటి నుంచి ఇంట్లో కూర్చుని ఆమెకు ప్రాణం విసిగిపోయింది. ఆశలన్నీ దీనిమీదే పెట్టుకుంది. అడ్మిన్ చేయవలసిందల్లా ఆమె ఖాతాకు స్పీకర్, మైకు పర్మిషన్ ఇవ్వడం. వారం నుంచి "రెండు నిమిషాల పని" అంటూనే ఉన్నాడు.

పదింటికి ఆ రెండు నిమిషాలు మొదలయ్యాయి. స్పీకరూ మైకూ వాడుకోగలవాళ్ళ జాబితా ఒకటుంది, ఆడియో అనే గుంపు. అందులో భార్య పేరు చేర్చాడు. స్పీకర్ ఉలకలేదు, పలకలేదు. తీసేసి మళ్ళీ చేర్చాడు. అయినా అంతే.

"పోనీ, మీ ఖాతా తెరిచి ఇవ్వండి. అందులోంచే మాట్లాడతాను," అంది భార్య.

"నా ఖాతాలోకి ఇంకొకరు రాకూడదు. రూలు."

"నేను ఇంకొకరినా?"

ఏ జవాబు చెప్పినా కొంప మునుగుతుందని తెలిసినవాడు కనుక కీబోర్డు మీదకు మరింత వంగాడు. ఇక లాభం లేదని ఇంట్లో నలుగురినీ ఆ గుంపులోకి తోసేశాడు. ఎవరి ఖాతా తెరమీద ఉన్నా, వెనకాల ఉన్నా సరే, అందరికీ స్పీకరు, అందరికీ మైకు. అప్పటికీ చడీచప్పుడు లేదు.

"ఓసారి ఆపి మళ్ళీ వెయ్యరాదురా?" అన్నాడు తండ్రి, పేపరు చాటునుంచి.

"నాన్నా, ఇది ట్యూబ్‌లైటు కాదు."

భార్య ఇక ఆగలేదు, తనే బటన్ నొక్కింది. కంప్యూటర్ ఆగి, మళ్ళీ లేచి, ఆమె ఖాతా తెరవగానే స్పీకర్ శుభ్రంగా మోగింది. గుంపులో చేరినవాళ్ళు ఒకసారి బయటికి వచ్చి మళ్ళీ లోపలికి వెళితే గాని పర్మిషన్ అమల్లోకి రాదు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ చెప్పేవాడు అడ్మినే.

ఇంతలో ఆమె అత్తగారు, అడ్మిన్ తల్లి, వచ్చింది. "ఒక్క నిమిషం లేవమ్మా, నా గుర్తుచేసేవి ఆన్ చేసుకుంటాను."

మొగుడికి మతిమరుపని, ఆయనకు చెప్పాల్సినవన్నీ తన గొంతుతో రికార్డు చేసి, వేళకు మోగేలా కొడుకు చేత ఏర్పాటు చేయించుకుంది ఆవిడ. స్పీకరే లేని ఖాతాలో అవి ఎలా మోగుతాయో కొడుకు ఆలోచించలేదు.

"రోజూ ఆన్ చేస్తాను. ఒక్కటీ మోగదు, ఈయన ఒక్కటీ చెయ్యడు. అయినా నా ధర్మం నాది," అంటూ ఆన్ చేసి, ఎప్పటిలాగే తన ఖాతా మూయకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది వెనకాల నడుస్తుండగానే కోడలు తన ఖాతా తెరుచుకుంది.

పదకొండింటికి తెరమీద ముగ్గురు కనిపించారు. మధ్యలో బట్టతల పెద్దాయన, ఆయనకు అటొకరు, ఇటొకరు. భార్య గొంతు సవరించుకుని చదివింది. "ప్రయాణికులు దయచేసి పసుపు గీత దాటి ముందుకు రావద్దు."

పెద్దాయన తల ఊపాడు. ఆ వెంటనే స్పీకర్ ఉరిమింది.

"ఏమండీ, ఎంతసేపలా కూర్చుంటారు? లేచి నాలుగడుగులు వెయ్యండి."

ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో వాళ్ళకే తెలియనట్టుంది, ఒకరి మొహం ఒకరు చూసుకుని మళ్ళీ కూర్చున్నారు. అడ్మిన్ వైరు పీకేద్దామని నేలమీద పాకుతూ బల్ల కిందికి దూరాడు. భార్య మడమతో అతని చేతిని తొక్కిపట్టింది, తీగ పీకితే ఇంటర్వ్యూ కూడా పోతుందని.

"నీళ్ళు తాగారా? అలా చూస్తారేం, గ్లాసు పక్కనే ఉంది."

ముగ్గురూ నీళ్ళు తాగారు. పేపరు చాటున మామగారు కూడా తాగాడు.

"కళ్ళజోడు కనబడలేదా? తలమీద చూసుకోండి."

పెద్దాయన చెయ్యి మెల్లగా బట్టతల మీదికి వెళ్ళింది. కళ్ళజోడు అక్కడే ఉంది.

వంటింట్లోంచి అత్తగారు తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "మోగిందే, ఇన్నాళ్ళకు మోగిందే," అని మురిసిపోయింది. కోడలికి ఏడుపొక్కటే తక్కువ. ఈ ఉద్యోగమూ పోయిందనుకుంది.

"ఎవరమ్మా ఆ గొంతు?" అన్నాడు పెద్దాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"మా అత్తగారిదండీ. క్షమించండి. ఇంట్లో చిన్న పర్మిషన్ గొడవ."

"క్షమించడం దేనికమ్మా? మీ గొంతు హాయిగా ఉంది, ఉద్యోగం మీదే. కాకపోతే హాయిగా చెబితే మా ప్రయాణికులు వినరు. ఆ పసుపు గీత గురించి రెండోసారి చెప్పడానికి మాకు ఆవిడ కావాలి. నలభై ఏళ్ళుగా మా ఆవిడ చెప్పినా లేవని వాణ్ణి, ఇవాళ లేచాను."

బల్ల కింద ఉన్న అడ్మిన్ సంతోషం పట్టలేక లేవబోయి తల కొట్టుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

ఇప్పుడు మొదటి హెచ్చరిక కోడలిది, వినకపోతే రెండోది అత్తగారిది. రికార్డింగంతా ఇంట్లో ఆ కంప్యూటర్ ముందే. మధ్యలో ఇంకే చప్పుడూ దూరకూడదని అడ్మిన్ పాస్‌వర్డ్ వాళ్ళిద్దరే తీసేసుకున్నారు. మొన్న అతను ఆట చూద్దామని కూర్చుంటే తెరమీద బొమ్మలు ఆడుతున్నాయి గాని శబ్దం లేదు. వెళ్ళి స్పీకర్ పర్మిషన్ అడిగాడు.

అత్తాకోడళ్ళు ఆలోచిస్తామన్నారు.