ఓపిక లేని ఆర్ఎన్ఏ

రెండు విశ్వవిద్యాలయాలు కలిసి పరిశోధన చేయడాన్ని మించిన మహాభాగ్యం ఈ లోకంలో లేదని నేను ఈ పత్రికాముఖంగా ఢంకా బజాయించి చెబుతున్నాను. ముఖ్యంగా కలవడంతోనే పొద్దంతా గడిచిపోయి, పరిశోధనకు తీరిక దొరకనప్పుడు!

నవ్వకండి. ఇది అనుభవం మీద చెబుతున్న మాట. మా ఊరి నదికి ఇవతలి ఒడ్డున ఒక విశ్వవిద్యాలయం, అవతలి ఒడ్డున ఇంకొకటి ఉన్నాయి. మధ్యలో ఒకే ఒక వంతెన. ఈ రెండూ చేతులు కలిపి పెట్టుకున్న న్యూక్లియిక్ ఆమ్లాల ఉమ్మడి పరిశోధనా సమన్వయ సంఘానికి మూడేళ్లుగా నేనే అధ్యక్షుణ్ణి. రిటైరైన ప్రొఫెసర్లకు మా జపాన్‌లో ఇలాంటి కుర్చీలు దొరుకుతుంటాయి. మెత్తగా ఉంటాయి, కూర్చుంటే చాలు.

న్యూక్లియిక్ ఆమ్లాలన్న పేరు వినగానే కంగారు పడకండి. మన ఒంట్లో ఏ కణం ఏం చేయాలో చెప్పే రాతలవి. అందులో డీఎన్ఏ అసలు ప్రతి. అది ఎంతో నెమ్మదస్తురాలు. మంచులో వేల ఏళ్లు పడి ఉన్నా అంతో ఇంతో మిగులుతుంది. ఆర్ఎన్ఏ మాత్రం ఆ ప్రతిలోంచి ఎప్పటికప్పుడు రాసుకునే చీటీ లాంటిది. దీనికి ఓపిక లేదు. వేలి చెమట తగిలితే ముక్కలైపోతుంది. గడ్డకట్టించిన నమూనాని కాసేపు బయట వదిలేశామా, ఇక అంతే సంగతులు. డీన్ గారు సెలవు నుంచి వచ్చేదాకా కూడా ఆగలేని ఈ పదార్థానికి ఒక సంస్థలో ఇమిడే లక్షణం ఉందంటారా?

ఒప్పందం లేని రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. మా ఒడ్డున మినెగిషి అని ఒక పరిశోధకురాలు ఉండేది. ముప్పై రెండేళ్ల మనిషి, ఐదేళ్ల కాంట్రాక్టు, ఎప్పుడు చూసినా హడావిడే. అవతలి ఒడ్డు వాళ్లతో పని పడితే ఏం చేసేదనుకున్నారు? నమూనాని ఐసు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని సైకిల్ బుట్టలో పడేసి, వంతెన దాటి వెళ్లిపోయేది! అక్కడ తనతో చదువుకున్న వాళ్లెవరో ఉంటే "ఇది కాస్త చదివి పెట్టు" అని చేతిలో పెట్టేది. వారం తిరక్కుండా ఫలితం వచ్చేది. కాగితం లేదు, ముద్ర లేదు, ఒక్క ఫొటో అయినా లేదు. అలా వచ్చిన దాన్ని ఫలితమని ఎలా అంటాం?

అందుకే ఒప్పందం కుదుర్చుకున్నాం. సంఘం పేరులో ఎవరి పేరు ముందుండాలన్న దాని మీద ఏడు నెలలు చర్చించాం. వాళ్లది పాతది, మాది పెద్దది. చివరికి ఇవతలి ఒడ్డున మా పేరు ముందు, అవతలి ఒడ్డున వాళ్ల పేరు ముందు అని తేలింది. విజిటింగ్ కార్డుకి ఒకవైపు అలా, రెండోవైపు ఇలా. వంతెన దాటగానే కార్డు తిరగేసుకోవాలి. వంతెన నడిమధ్యలో ఎవరైనా కార్డు అడిగితే ఏం చేయాలన్నది ఉపసంఘం పరిశీలనలో ఉంది.

సమావేశానికి వట్టి చేతులతో వెళ్లే అలవాటు మాకు లేదు. మేం తీపి బిళ్లల డబ్బా పట్టుకెళ్తాం, వాళ్లు బియ్యప్పిండి బిస్కట్ల డబ్బా తెస్తారు. ఒకసారి మేమిచ్చిన డబ్బా అవతలి ఒడ్డున నాలుగు విభాగాలు చుట్టి, పైనున్న కాగితమైనా విప్పకుండా మళ్లీ మా దగ్గరికే వచ్చింది. ఈ మూడేళ్లలో రెండు సంస్థల మధ్య అంత భద్రంగా ప్రయాణించిన వస్తువు ఇంకొకటి లేదు.

ఇంత చక్కగా సాగుతున్న ఉమ్మడి పరిశోధనలోకి ఒకరోజు పరిశోధన వచ్చి పడింది. తప్పు మాది కాదు. ఒక రోగి వచ్చారు.

బజారు వీధిలో ఇసోబే గారని ఒకావిడ, భర్తతో కలిసి తోఫు, అంటే సోయాపాల జున్ను, అమ్మే దుకాణం నడుపుతారు. యాభై ఆరేళ్లు. ఒంట్లో కండలు ఒక్కొక్కటే కరిగిపోయే అరుదైన జబ్బు. ఆవిడ అక్కగారు ఇదే జబ్బుతో పోయారు. ఇసోబే గారి ఆర్ఎన్ఏలో తప్పు ఎక్కడ పడిందో చదవగలిగితే, ఆ చోటికి సరిపోయే చిన్న న్యూక్లియిక్ ఆమ్లపు అతుకు తయారుచేయవచ్చు. జబ్బు అక్కడితో ఆగే ఆశ ఉంది. అతుకు తయారుచేయడం మా ఒడ్డుకి వచ్చు. చదవడం అవతలి ఒడ్డుకి వచ్చు.

చిక్కేమిటంటే ఆ ఆర్ఎన్ఏ రక్తంలో దొరకదు, కండలోనే ఉంటుంది. తొడలోంచి గోరంత ముక్క తీశారు. తీయడానికి సరిపడా కండ మిగిలిన చోటు అదొక్కటేనని డాక్టరు చెప్పారు. అంటే రెండో ముక్క ఉండదు.

మినెగిషి వెంటనే సైకిల్ తీయబోయింది. నేను ఆపాను. అధ్యక్షుడన్నవాడు ఆపకపోతే ఇంకెవరు ఆపుతారు?

నమూనా వంతెన దాటాలంటే పదకొండు గడుల ఫారం ఒకటి ఉంది. మా కాగితాల మీద సంతకాల కంటే పేరు చెక్కిన ఎర్ర ముద్రలకే గౌరవం. ఎడమ చివరి గడి అందరికంటే పెద్దవారిది, కుడి చివరిది అందరికంటే చిన్నవారిది. చిన్నవారు తమ ముద్రని కాస్త ఎడమకి వాల్చి వేయాలి, పెద్దవారికి తల వంచినట్టుగా. ఇది ఏ నిబంధనల పుస్తకంలోనూ రాసి లేదు. అందుకే ఎవరూ మీరరు. మినెగిషి ఫారం మూడు వారాలు తిరిగి తిరిగి వెనక్కి వచ్చేసింది. మా కార్యాలయపు పెద్ద ఫుకామాచి గారు ఆమెని పిలిపించారు. నేను అక్కడే టీ తాగుతున్నాను.

"చూడమ్మా, నీ ముద్ర ఎటు చూస్తోంది?"

"ఎటూ చూడట్లేదండీ. నిటారుగానే ఉంది కదా."

"అదే నేననేది. డీన్ గారి పక్కన నిటారుగా నిలబడతారా ఎవరైనా?"

"ముద్రే కదండీ."

"ముద్రయితే మాత్రం? రేపు అవతలి ఒడ్డు వాళ్ల కంట్లో పడితే, మన వాళ్లకి చిన్నాపెద్దా తెలీదనుకోరూ? ఇంకో ఫారం రాసుకురా. ఈసారి కాస్త వంగు."

"నేను వంగాలా, ముద్ర వంగాలా అండీ?"

"ఇద్దరూ వంగితే పని తొందరగా అవుతుంది."

ఆ అమ్మాయి వంగింది. ముద్రా వంగింది. పోయినా పోయింది మూడు వారాలే. అయితే రెండో ఫారం రాసేటప్పుడు ఇంకో పేచీతో నా గదికి వచ్చింది.

"మాస్టారూ, ముక్కని రెండు చేసి, ఒక సగం మన ఫ్రీజర్‌లోనే ఉంచుతానండీ. దారిలో ఏదైనా అయితే కష్టం."

"ఏమవుతుందమ్మా? నమూనాల సంఖ్య దగ్గర ఒకటి అని రాశాం. సగం చేస్తే రెండవుతాయి. రెండయితే రెండు ఫారాలు, ఇరవై రెండు ముద్రలు."

"ఇరవై రెండూ నేనే తిరిగి వేయించుకొస్తానండీ."

"డీన్ గారి దగ్గరికెళ్లి, ఇంకోటి వేయండి అంటావా? పోయినసారి ఒకటి వేయడానికే ఆయనకి తొమ్మిది రోజులు పట్టింది."

ఆమె సరేనండీ అని వెళ్లిపోయింది. పెద్ద గొడవని మొగ్గలోనే తుంచేశానని ఆ పూటంతా నన్ను నేనే మెచ్చుకున్నాను.

నాలుగో నెలలో ముద్రలన్నీ పడ్డాయి. ఇక నమూనా బయలుదేరవచ్చు. కానీ తొలి నమూనా కదా, ఉత్తినే ఎలా పంపుతాం? అవతలి ఒడ్డున సభ పెట్టాం. పొద్దున్న పది గంటలకి పెద్ద హాలు, వేదిక మీద వెదురంత పొడవైన బ్యానర్, పెద్దలందరి గుండెల మీద కాగితం పువ్వులు. బల్ల మీద తెల్లటి థర్మోకోల్ పెట్టె, పెట్టె నిండా మామూలు ఐసు కంటే బాగా చల్లనైన, పొగలు చిమ్మే డ్రై ఐస్, ఆ ఐసు మధ్యలో చిన్న గొట్టం, గొట్టంలో ఇసోబే గారి తొడ కండ. కాంట్రాక్టు వాళ్లకి వేదిక మీద కుర్చీ ఉండదు కాబట్టి మినెగిషి తలుపు దగ్గర నిలబడింది.

ఫొటో తీసే ఆయన పెట్టె వంక అసంతృప్తిగా చూశాడు.

"మూసి ఉంటే లోపల ఏముందో తెలీదండీ. మూత తీస్తే బాగుంటుందేమో."

తీశారు. తెల్లటి పొగ సన్నగా లేచింది.

"ఇంతేనా పొగ?" అన్నారు అవతలి ఒడ్డు ఉపాధ్యక్షులు.

అప్పుడు వేదిక మీదున్న ఒక పెద్దమనిషి, "కాసిని వేడినీళ్లు పోస్తే బాగా వస్తుందండీ. మా మనవరాలికి అలాగే చేసి చూపిస్తుంటాను" అన్నారు. ఆ పెద్దమనిషి పేరు ఇక్కడ అనవసరం. టీ బల్ల మీద రెండు కెటిళ్లు సిద్ధంగా ఉన్నాయి.

మినెగిషి తలుపు దగ్గర నుంచి గబగబా ముందుకొచ్చింది. "ఆగండి, అందులో నమూనా" అనేలోపే ఫుకామాచి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉపాధ్యక్షుల వారి ఫొటో అయ్యాక చెప్పుకుందువు గానీ, ఉండమ్మా."

ఏం పొగ! ఏం పొగ! పెద్దలందరం నడుము దాకా మబ్బుల్లో నిలబడ్డాం. పౌరాణిక నాటకంలో దేవతలం దిగినట్టే ఉంది. అందరి కళ్లూ తెరిచి ఉన్న ఫొటో ఒక్కటి పడేదాకా పదకొండు ఫొటోలు తీశారు. ఆ తర్వాత నాలుగు ఉపన్యాసాలు జరిగాయి. రెండు సంస్థల స్నేహం, మానవాళి భవిష్యత్తు, వంతెన ప్రాముఖ్యం, మళ్లీ రెండు సంస్థల స్నేహం. గంటన్నర పట్టింది. పెట్టె మూత పక్కనే ఉంది. దాన్ని తిరిగి పెట్టడం ఎవరి బాధ్యతో ఒప్పందంలో రాసుకోలేదు.

సభ అయ్యాక మినెగిషి వేదికెక్కి పెట్టెలోకి చూసింది. డ్రై ఐస్ జాడ లేదు. అడుగున చల్లారిన నీళ్లు, వాటిలో తేలుతున్న గొట్టం. ఆ గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని, అందరూ టిఫిన్ల దగ్గరికి వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడి ఉంది.

రెండు వారాలకి అవతలి ఒడ్డు నుంచి కబురు వచ్చింది. చదవడానికి ఏమీ మిగల్లేదట.

ఇక్కడే మీరు ఉమ్మడి పరిశోధన గొప్పతనాన్ని గమనించాలి. ఒక్క మనిషి ఒక్క ల్యాబ్‌లో ఈ పని చేసి ఉంటే ఏమయ్యేది? వాడి పేరు బయటికొచ్చేది, వాడు తలెత్తుకోలేకపోయేవాడు! మేం విచారణ సంఘం వేశాం. కెటిళ్లు వాళ్లవి. పెట్టె మాది. మూత తీసింది ఫొటో తీసే ఆయన కోరిక మీద. నీళ్లు కుళాయివి, కాబట్టి నగరపాలక సంస్థవి. ఐదుసార్లు కూర్చున్నాక రెండు ఒడ్డులూ ఏకగ్రీవంగా తేల్చిన కారణం ఇది: ఆర్ఎన్ఏకి స్వభావసిద్ధంగా ఉన్న అస్థిరత, మరియు నమూనా నాణ్యత ఆశించిన స్థాయిలో లేకపోవుట.

మూడేళ్లలో మా రెండు విశ్వవిద్యాలయాలు కలిసి సాధించిన తొలి ఫలితం అదే. ఆ నివేదిక ప్రతినొకటి రోగికి కూడా పోస్టులో పంపాం, మాకు పారదర్శకత ముఖ్యం.

ఆ నివేదిక మీద పది ముద్రలు పడ్డాయి. మినెగిషి తన గడి ఖాళీగా వదిలేసింది. మార్చితో ఆమె కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదని ఫుకామాచి గారు నాతో మూడుసార్లు అన్నారు. వెళ్లే రోజు సామాను సర్దుకుంటూ ఆమె నాతో ఒక్కటే మాట అంది.

"నేను ఇంకో ఉద్యోగం వెతుక్కుంటానండీ మాస్టారూ. ఆవిడ ఇంకో ముక్క ఎక్కడ వెతుక్కుంటారు?"

ఇప్పుడామె పక్క ఊళ్లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తోంది. అక్కడ సంఘాలు లేవట. పాపం!

గత వారం నేను తోఫు దుకాణానికి వెళ్లాను. రోగిని పరామర్శించినట్టు ఒక కాగితం నింపాల్సి ఉంది. భర్త తొట్టిలోకి చేతులు పెట్టి తోఫు పైకెత్తుతున్నాడు. ఆ పని ఎప్పుడూ ఆవిడదే కాబట్టి ఆయనకి చేతకావడం లేదు, అంచులు విరిగిపోతున్నాయి. ఆవిడ కుర్చీలో కూర్చుని, అరచెయ్యి అడుగున పెట్టమని చెబుతున్నారు. నన్ను చూడగానే గుర్తుపట్టారు. మా సంఘం వార్తాపత్రంలో పడిన ఆ ఫొటోని కత్తిరించి గోడకి అంటించుకున్నారు.

"ఎంత పొగో చూడండి మాస్టారూ. నా కాలి ముక్కకి ఇంత మర్యాద చేశారని, కొనడానికొచ్చిన వాళ్లందరికీ మా ఆయన చూపిస్తుంటాడు."

నేను ఫొటో వైపు చూడలేకపోయాను.

"కాగితం అందిందండీ," అన్నారావిడ. "నా ముక్క బాగోలేదట కదా. అంతమంది పెద్దలు పనులు మానుకుని నిలబడితే, నేనిచ్చింది పనికిరాకుండా పోయింది. మన్నించండి. మా అక్క కూతురు ఈ మధ్య మెట్లెక్కలేకపోతున్నానంటోంది. దానిదైనా బాగుంటుందంటారా?"

ఏదో గొణిగాను. కాగితం నింపకుండానే బయటపడ్డాను. వారం రోజులుగా సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అయినా ఉమ్మడి పరిశోధన మహాభాగ్యమన్న నా మాటకు నేను కట్టుబడే ఉన్నాను. అక్కడ తప్పు జరుగుతుంది గానీ తప్పు చేసినవాడు ఉండడు. నాలాంటివాడికి ఇంతకు మించిన భాగ్యం ఏం కావాలి?

ఈ పత్రిక రోజూ తోఫు దుకాణానికి వెళ్తుందని నాకు తెలుసు. అందుకే ఆ రోజు ఎదురుగా చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇసోబే గారూ, మీరిచ్చిన ముక్కలో ఏ లోపమూ లేదు. మీ అక్క కూతుర్ని మా దగ్గరికి పంపకండి, మినెగిషి దగ్గరికి పంపండి. ఆ వేడినీళ్లు పోయమన్నది నేను.