మా కాలువ కంపే మాకు శ్రీరామరక్ష

మా కాలువను ఎవరూ బాగుచేయకూడదు! కాలువ కంపు పరిరక్షణ సంఘానికి నన్ను నేనే ఎన్నుకున్న అధ్యక్షుడిగా ఇది నా డిమాండు. నవ్వకండి. ముక్కు మూసుకుని నవ్వడం ఎలాగూ కష్టం.

నదిలోంచి ఊళ్ళోకి తవ్విన పాతకాలపు కాలువ ఇది. తాతల నాడు దీనిమీద సరుకుల పడవలు నడిచేవట. ఇప్పుడు ప్లాస్టిక్ సీసాలూ, పరుపులూ, వానలు గట్టిగా పడితే సోఫాలూ నడుస్తున్నాయి. రవాణా ఆగిపోయిందని ఎవరనగలరు?

ఈ కంపు చేసే మేలు మీకేం తెలుసు? చుట్టాలందరి ఇళ్ళలోనూ తిష్ఠ వేసే మా బావమరిది, మా ఇంట్లో కాఫీ చల్లారేదాకా కూడా ఆగడు. ఓట్ల కోసం వచ్చే నాయకులు మా వీధిలో ప్రసంగించరు, నోరు తెరవాలంటే భయం. ఇంటి ఓనరు అద్దె పెంచుదామని వచ్చి, మాట గొంతులో ఉండగానే వెనక్కి తిరిగాడు.

పిల్లల చదువంటారా? అద్దకం ఫ్యాక్టరీ ఏ రంగు వదిలితే కాలువది ఆ రంగు. నీళ్ళ రంగేమిటని స్కూల్లో టీచరు అడిగితే, "ఇవాళా, నిన్నా?" అని ఎదురడిగిందట మా చిన్నది.

ఇలా హాయిగా సాగుతున్న మా బతుకుల్లో ఇస్త్రీ అత్తయ్య నిప్పులు పోసింది.

అత్తయ్య నాకు చుట్టమేమీ కాదు, వీధి మొత్తానికీ అత్తయ్యే. కాలువ గట్టున రేకుల పంచ కింద ఆమె ఇస్త్రీ బల్ల. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆమె బతుకంతా ఆ బల్లే. మడత విప్పితే చొక్కా కాలువ వాసనేస్తోందని ఎవరో సణిగారు. అంతే, ఆమెకు పౌరుషం పొడుచుకొచ్చింది. పార పట్టుకుని కాలువలోకి దిగింది. ఆమెను చూసి రిటైరైన బస్సు డ్రైవరు బాబాయి, ఆయన్ను చూసి సిగ్గుపడి మేమూ దిగాం.

బురద తీస్తుంటే అడుగున నల్లరాతి మెట్లు బయటపడ్డాయి. పడవలు కట్టే ఇనుప కడియాలు కూడా చెక్కుచెదరలేదు. అత్తయ్య పొద్దున్నే ఆ మెట్లు చీపురుతో రుద్ది కడిగి, ఆ తర్వాతే ఇస్త్రీపెట్టె ముట్టుకునేది. సాయంత్రాలు అందరం వాటిమీద చేరి కబుర్లాడుకునేవాళ్ళం.

మేం చేసిన ఘోరమైన పొరపాటు అదే! ఎవరో ఫొటో తీసి ఫోన్లలో తిప్పారు. మర్నాటికి కారు వచ్చింది. అందులోంచి ఆఫీసరు దిగి, ఇది చారిత్రక కాలువ అని మాకు తెలియజేశాడు.

"ఇంత అందమైన చోట ఈ బల్లేమిటమ్మా? తీసెయ్యాలి," అన్నాడు మర్యాదగానే.

"బల్ల మొదట్నుంచీ ఉంది సార్. అందమే మొన్న వచ్చింది," అంది అత్తయ్య.

ఆమె రేకుల మీదా, గట్టునున్న మా ఇళ్ళ తలుపుల మీదా ఖాళీ చెయ్యమని నోటీసులు పడ్డాయి. మురుగున్నన్నాళ్ళూ ఎవరి కంటికీ ఆనని వాళ్ళం, నీళ్ళు తేటపడగానే ఆక్రమణదారులమైపోయాం. సుందరీకరణ అంటే ముందు మమ్మల్ని ఊడ్చెయ్యడమన్నమాట!

ఉపాయం బాబాయిదే. "తీసింది మనమేగా. మనమే వేసేద్దాం," అన్నాడు. వీధి వీధంతా బకెట్లు పట్టింది. పెద్దాఫీసర్లు తనిఖీకి వచ్చేసరికి కాలువ పూర్వవైభవంతో వెలిగిపోతోంది. కారు తలుపుల కన్నా ముందు జేబురుమాళ్ళు తెరుచుకున్నాయి. దిగకుండానే వెళ్ళిపోయారు. నోటీసులు వాయిదా పడ్డాయి. చూశారా కంపు మహిమ?

అప్పటినుంచీ రోజుకో ఇల్లు వంతున చెత్త పోస్తున్నాం. నిన్న అత్తయ్య వంతు. బకెట్టు పట్టుకుని పై మెట్టు మీదే నిలబడిపోయింది.

"నువ్వే పోసెయ్యి అల్లుడూ. రోజూ కడిగిన మెట్లు. నాకు చెయ్యి రావట్లేదు," అంది.

పోశాను. ఆమె అటు తిరిగి ఎవరిదో చొక్కా మడత పెట్టుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. కంపు వల్లే అనుకోండి.

కాబట్టి అయ్యలారా, మా కాలువను బాగుచేయకండి. తప్పదంటారా, మమ్మల్ని కూడా గట్టు మీద ఉండనిచ్చి బాగుచేసే ఉపాయమేదైనా ఉంటే కబురు పెట్టండి. అత్తయ్య ఆ చీపురు ఇంకా పారెయ్యలేదు.